దారం రెండో కొస

ఉదయం పదకొండు ఇరవైకి కామారెడ్డి బస్సు నన్ను ఎల్లారెడ్డిలో దించింది. మసీదు గోడ మీద ఒక మేస్త్రీ దారంతో వృత్తాలు గీస్తున్నాడు. దారం రెండో కొసను అతని భార్య వేలితో గోడకు నొక్కి పట్టుకుంది. వృత్తాలు కలిసినచోటల్లా నక్షత్రాలు తేలుతున్నాయి. భార్య పోయి నాలుగు నెలలైన నాకు వాళ్లిద్దరినీ చూస్తే కడుపు మండింది.

"ఇంత అలంకారం దేనికి?" అన్నాను.

"మసీదుల మనుషుల బొమ్మలు పెట్టం అన్నా. అంతా గీతలతోనే చెప్పాలె. ఏ చుక్కా ఎక్కువ కాదు, తక్కువ కాదు. మొదలేడనో తెల్వది," అన్నాడు మేస్త్రీ.

"ఎందుకు తెల్వదన్నా? నా వేలు కాడ మొదలైంది. నేను వేలు తీస్తే ఈయన పని గంతే!" అందామె. ఇద్దరూ నవ్వారు.

ముప్పై ఏళ్లు నా భార్య వాకిట్లో చుక్కలు కలుపుతుంటే, నేను పక్కనుంచి నడిచిపోయాను. అదేమిటని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు మా వాకిట్లో ఎవరూ ముగ్గు వేయడం లేదు.