చక్రాల మీద పుట్టిల్లు

మా వైపు మొగుడు పోయిన ఆడదాన్ని, పెద్దకర్మ అయ్యాక పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళి ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెడతారు. పొద్దున్నే తలంటుకోమని, కొత్త చీర పెట్టి, అన్నం తినిపించి పంపిస్తారు. నిద్ర చేయడం అంటారు దీన్ని. అది అయ్యేదాకా ఆమె ఎవరి గడపా తొక్కకూడదు. ఇది మంచి ఆచారమా చెడ్డ ఆచారమా అని నేను ఏనాడూ ఆలోచించలేదు. మా పిన్ని నిద్ర చేసినప్పుడు ఆవిడ పక్కన పడుకుని ఊరడించింది నేనే. మనదాకా వస్తేగానీ ఏదీ తెలియదు.

మా ఆయనది బెజవాడ వన్ టౌన్‌లో చీరల హోల్‌సేల్ షాపు. పైన ఇల్లు, కింద షాపు. ఓ మధ్యాహ్నం చీరల బేలు ఆటోలోకి ఎక్కిస్తూ అలాగే కూలబడిపోయాడు. నేను కిందికి దిగి వచ్చేసరికి ప్రాణం లేదు.

కంకిపాడులో ఉండే మా తమ్ముడే నాకు మిగిలిన పుట్టిల్లు. వాడి కూతురు ఇంటర్‌లో చేరినప్పటి నుంచి డిగ్రీ అయ్యేదాకా మా ఇంట్లోనే ఉండి చదువుకుంది. నాకు పిల్లలు లేరు. దానికి జడ వేసింది నేను, టైఫాయిడ్ వస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది నేను, ప్రేమా దోమా అని ఏడిస్తే తిట్టి ఓదార్చింది కూడా నేనే. దాని పెళ్ళి కుదిరి, పసుపు కొట్టిన వారానికే ఈయన పోయాడు. మా ఇంటిపేరు వేరు కాబట్టి వాళ్ళకి మైల లేదు, పెళ్ళి ఆగలేదు. ఆగాలని నేనూ కోరుకోలేదు. నాకు ఒక్కటే కావాలి. ఆ పిల్ల పెళ్ళికి వెళ్ళాలి. ముత్తయిదువలు చేసే పనులు ఇక నాకు లేవని తెలుసు. మేనత్తగా ఓ మూల కూర్చుని చూస్తే చాలు. దానికి ముందు నిద్ర అయితీరాలి.

మరదలు ఫోన్ చేసింది.

"వదినా, మీరే అర్థం చేసుకోవాలండీ. పసుపు కొట్టేశాం కదా. పెళ్ళి జరిగే ఇంట్లో నిద్రంటే నలుగురూ నానా మాటలంటారు. నాకేం పట్టింపుల్లేవు, మా అమ్మే కంగారుపడిపోతోంది."

నాకేం పట్టింపుల్లేవు అనేవాళ్ళకే అన్ని పట్టింపులూ ఉంటాయి. అది నేను పైకి అనలేదు. అనాల్సింది.

మర్నాడు తమ్ముడొచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు.

"అక్కా, మంచి ఐడియా ఒకటుంది. క్యారవాన్."

"అదేంట్రా?"

"సినిమావాళ్ళకి ఉంటది చూడు, అలాంటి బండి. మా ఫ్రెండొకడు టూరిస్టులకి అద్దెకిస్తున్నాడు. బెడ్డు, ఏసీ, బాత్‌రూమ్, అన్నీ అందులోనే. కొల్లేటి ఒడ్డున కొత్తగా పార్కు పెట్టారు, అక్కడ ఆపుకుని ఉండొచ్చు. నేను నీతోనే ఉంటా. పుట్టింటివాడు పక్కనున్నట్టూ అవుద్ది, మా ఇంట్లో చేసినట్టూ కాదు. పంతులుగారిని కూడా అడిగా. బండి ఇల్లు కాదు కాబట్టి దోషం లేదన్నారు."

పాము చావకుండా కర్ర విరగకుండా పని జరగాలంటే మా తమ్ముడి తర్వాతే ఎవరైనా. చిన్నప్పుడు అమ్మకీ నాన్నకీ గొడవైతే ఇద్దరి దగ్గరా విడివిడిగా అన్నం తినేవాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ పెళ్ళి కళ్ళముందు కనబడుతోంది. సరేనన్నాను.

మా సందులోకి ఆ బండి పట్టలేదు. సంచీ పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచాను. తోపుడు బండ్లవాళ్ళు, గోడౌన్ల ముందు కూర్చున్నవాళ్ళు అందరూ చూశారు. తెల్లగా, అద్దాలతో, పక్కన కొబ్బరిచెట్లూ సూర్యుడి బొమ్మా ఉన్న బండి. పెళ్ళైన కొత్తలో కూడా నన్నెవరూ ఇంత దర్జాగా తీసుకెళ్ళలేదు. ఆయన ఉండుంటే పగలబడి నవ్వేవాడు.

హనుమాన్ జంక్షన్‌లో తమ్ముడు హోటల్ నుంచి భోజనం పార్సిల్ కట్టించాడు. పుట్టింటి అన్నం అంటే మా అమ్మ ఊహలో ఏముండేదో గానీ, నాకు మాత్రం రబ్బరు బ్యాండు వేసిన సాంబారు ప్యాకెట్.

పార్కు బాగానే ఉంది, కాదనను. ఒడ్డు పొడుగునా గడ్డి పరిచారు, దీపాలు పెట్టారు, బండ్లు ఆపుకోవడానికి సిమెంటు చేసి కరెంటు ప్లగ్గులూ నీళ్ళ పైపులూ ఇచ్చారు. ఆ పక్కన డేరాలు. పిల్లలు నారింజరంగు జాకెట్లు వేసుకుని ప్లాస్టిక్ పడవల్లో తెడ్లు కొడుతూ కేకలు పెడుతున్నారు. ఒకచోట నిప్పుల మీద చికెన్ కాలుస్తున్నారు, ఒకచోట బ్యాడ్మింటన్. గాలి తిరిగినప్పుడల్లా చేపల చెరువుల వాసన, గుర్రపుడెక్క కుళ్ళిన వాసన. అంత సంబరం మధ్య, తాళి తీసినా ఇంకా పసుపు మరక పోని మెడతో, ఇస్త్రీ లేని చీరతో మడత కుర్చీలో నేను.

పక్క డేరావాళ్ళు పిల్లకి పుట్టినరోజు చేస్తున్నారు. ఆ తల్లి వచ్చి, "ఆంటీ, రండి, కేకు కోస్తున్నాం. లోపల కూర్చుందురుగాని," అంది నవ్వుతూ. నా నుదురు చూడలేదు. చూసినా ఈ కాలం పిల్లలకి తెలియదు. నేను వద్దని తల ఊపాను. డేరా ఇల్లో కాదో ఏ పంతులుని అడగను? ఆ అమ్మాయి కాగితం ప్లేటులో కేకు తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్ళింది. ఆయన పోయాక నన్ను లోపలికి రమ్మని పిలిచిన మొదటి మనిషి ఆవిడే.

తిన్నాక పక్కలు వేసుకునే వేళకి తమ్ముడు పార్కువాళ్ళతో ఏదో మాట్లాడి వచ్చాడు. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి మా బండికి పది అడుగుల దూరంలో చిన్న డేరా వేశారు.

"అదెందుకురా? లోపల రెండు బెడ్లున్నాయిగా."

వాడు నేల చూశాడు. "నేను కన్యాదానం చెయ్యాలి కదక్కా. ఒకే కప్పు కింద పడుకుంటే మళ్ళీ ఎవరైనా ఏమైనా అంటారేమోనని. ఇక్కడేగా, పిలిస్తే పలుకుతా."

పిలవలేదు. ఏసీ మోతలో పడుకుని, నా తమ్ముడు నాకు దూరంగా దోమల్లో పడుకున్నాడని జాలిపడాలో, వాణ్ణి లేపి రెండు చెంపలూ వాయించాలో తేల్చుకోలేకపోయాను. ఆయన మీద బెంగ కూడా ఆ రాత్రి రాలేదు. కోపం అంతా ఆక్రమించుకుంది.

పొద్దున తలంటు మధ్యలో బండి ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి. కళ్ళలో నురుగుతో నిలబడి అరిస్తే డ్రైవరు పైపు తగిలించాడు. తమ్ముడు మెట్టు ఎక్కకుండానే చెయ్యి చాపి చీర అందించాడు. బూడిదరంగు సింథటిక్. జీవితమంతా చీరల మధ్య బతికినదాన్ని, మడత విప్పకుండానే తెలిసింది, ఏదో కౌంటరు మీద మిగిలిపోయిన సరుకని. కట్టుకున్నాను. అయింది కదా, పెళ్ళికి వెళ్ళొచ్చు కదా అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతు నూతిలోంచి వస్తోంది.

"అక్కా, మా అత్తగారు వేరే పంతులుగారిని అడిగారంట. గడప, పొయ్యి, దేవుడి మూల లేనిది ఇల్లు కాదంట. అక్కడ చేసింది నిద్ర కిందికి రాదంట."

"ఇల్లు కాదనేగదరా నన్ను అందులో పడుకోబెట్టింది!"

"అదే కదక్కా..."

ఇల్లు కాదు కాబట్టి పనికొస్తుందన్నారు, ఇల్లు కాదు కాబట్టి పనికిరాదన్నారు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. "పెళ్ళయ్యాక మా ఇంట్లోనే పద్ధతిగా చేద్దాం," అన్నాడు. పెళ్ళయ్యాక నాకు నిద్రతో పనేమిటి?

ఇదంతా మరదలూ దాని తల్లీ కలిసి ఆడుతున్న ఆటని నా గట్టి నమ్మకం. పిల్లకి ఏమీ తెలియదు, తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది. అందుకే పెళ్ళినాడు బయలుదేరాను. పెళ్ళి ఫంక్షన్ హాల్లో. అదీ ఇల్లు కాదుగా. మీ మాట మీకే అప్పజెబుతానని పంతంగా కంకిపాడు బస్సెక్కాను.

హాల్లో నన్ను చూసి తమ్ముడి మొహం పాలిపోయింది. వాణ్ణి దాటుకుని పెళ్ళికూతురి గది దాకా వెళ్ళాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. పిల్ల అద్దం ముందు కూర్చుని ఉంది, ఎవరో పూలజడ కుడుతున్నారు. ఎంత బాగుందో చెప్పలేను. అద్దంలోంచి నన్ను చూసింది. నా మొహం నవ్వుతోందని నాకు తెలుస్తూనే ఉంది. మరదలు నా వైపు చూసి, కళ్ళు తుడుచుకుని, "రండి వదినా, వచ్చారుగా, ఒక్కసారి దాన్ని చూసెళ్ళండి," అంది. నిజంగానే అంది. నేను ఒక కాలు లోపల పెట్టబోయాను.

"అమ్మా, తాళి కట్టేదాకా అత్తని బయట కూర్చోమను," అంది పిల్ల. అద్దంలోంచి చూపు తీసేసింది. "భయంగా ఉందమ్మా నాకు."

కాలు వెనక్కి తీసుకున్నాను. దాని గొంతులో కోపం లేదు, అసహ్యం లేదు. నేను పెంచిన పిల్ల నన్ను చూసి నిజంగానే భయపడింది. మరదలి మీద పెట్టుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బయట వెనక వరసలో కూడా కూర్చోలేకపోయాను. బాజాలు మొదలవకముందే బస్టాపుకి వచ్చేశాను, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అందరూ చూస్తున్నా ఆగకుండా బెజవాడ దాకా ఏడ్చాను. ఆయన పోయినరోజు కూడా నేను అంత ఏడవలేదు.