నా నిశ్చితార్థానికి వెళ్లిన రివాల్వరు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరసగా నిలబెడితే మా బిలాస్‌పూర్ స్టేషను ప్లాట్‌ఫారాలు చాలవు. వాటన్నిటికీ ముందు నిలబడాల్సింది ఇది: నా నిశ్చితార్థానికి నేను నడుముకి రివాల్వరు పెట్టుకుని వెళ్లాను. కంగారు పడకండి, ఎవరికీ ఏమీ కాలేదు. పోయింది నా పరువొక్కటే.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. కర్గీ రోడ్ దాటాక ఒక రాళ్ల క్వారీలో సూపర్‌వైజరు ఉద్యోగం. నాకు ముందు పనిచేసినాయన్ని డీజిలు దొంగలు అడవి దారిలో పట్టుకుని చితక్కొట్టారు. ఆ భయంతో ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాను. కాల్చడం నేర్పిన మాజీ సుబేదారు గట్టిగా చెప్పాడు: "నీ దగ్గరున్నట్టు ఎవరికీ తెలియకూడదు. బండి డిక్కీలో పెట్టకూడదు. ఇంకొకరి చేతికి అందకూడదు." నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ని. "శుభకార్యాలకు తీసుకెళ్లకు" అని కూడా అన్నాడట. ఆ సమయంలో నేను అద్దంలో నన్ను చూసుకుని మురిసిపోతున్నాను.

నిశ్చితార్థం రోజు పొద్దున్నే క్వారీలో పని పడింది. తిరిగొస్తుంటే లెవెల్ క్రాసింగు దగ్గర ఒకదాని వెనక ఒకటి బొగ్గు రైళ్లు. తోర్వాలో మా ఇంటికి వెళ్లి దాన్ని లాకర్లో పెట్టే టైము లేదు. బండి తిన్నగా రైల్వే కాలనీకి, పెళ్లికూతురు సుధ వాళ్ల క్వార్టరుకి తిప్పాను. చొక్కా వదులుగానే ఉంది, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

గుమ్మంలోనే కాబోయే అత్తగారు ఎదురొచ్చారు.

"ఇంతసేపేటి బావూ! ముహూర్తం దాటిపోతంది. చొక్కా ఇప్పేసి ఈ పంచె, కండువా కట్టుకొచ్చీ!"

బిలాస్‌పూర్ తెలుగువాళ్లం, మాలో అంతే. ఆడపెళ్లివారు పెట్టిన బట్టలు అక్కడికక్కడే కట్టుకుని పీటల మీద కూర్చోవాలి. గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. పంచె కట్టడం అదే మొదటిసారి. అది నా నడుము మీద నిలబడడమే గొప్ప, ఇక ఆ ఇనుప ముక్కని ఏం మోస్తుంది? బీరువా కనబడింది, తాళంచెవి దానికే వేలాడుతోంది. తూటాలన్నీ తీసేసి, వాటినీ రివాల్వరునీ లోపల పెట్టి, తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకి కట్టుకున్నాను. ఎంత బాధ్యత గల మనిషినో అని నన్ను నేనే మెచ్చుకుంటూ వెళ్లి పీట మీద కూర్చున్నాను.

అయిదు నిమిషాల్లో లోపల్నుంచి కేక.

"బీరువా తాళం ఏదే? పిల్ల చీర, ఉంగరం అందులోనే ఉన్నాయి!"

ఇల్లంతా వెతుకులాట. పరుపులు ఎత్తారు, బియ్యం డబ్బాలో చేతులు పెట్టారు. పంతులుగారు గడియారం చూస్తున్నారు. ఇక తప్పక నోరు తెరిచాను.

"తాళం నా దగ్గరుందండీ."

"అమ్మయ్య! ఇలాగియ్యి."

"ఇవ్వనండీ. మీరంతా బయటికెళ్తే నేనే తీసిస్తాను."

చూశారా నా లౌక్యం!

"మా బీరువా తియ్యడానికి మేం బయటికెల్లాలా?" అత్తగారి గొంతు వీధి చివరికి వినబడి ఉంటుంది. మా అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది.

మావగారు ముందుకొచ్చారు. గూడ్సు రైళ్ల గార్డుగా ముప్పై ఏళ్ల సర్వీసు, ఎర్రజెండా పట్టుకున్నంత గంభీరంగా నిలబడ్డారు.

"తాళం ఇస్తావా, నేదా?"

"ఇవ్వను మావయ్యగారూ."

"సంబంధం పోయినా?"

సుధ నాకు ఎంత నచ్చిందో ఆ క్షణంలోనే తెలిసింది. అయినా సుబేదారు మాట వదల్లేదు.

"పోయినా ఇవ్వకూడదండీ."

తలుపు పక్కనుంచి సుధ వచ్చింది. "డాడీ, ఏక్ మినట్. ఇంత భయపడతన్నాడంటే ఏటో ఉంది. మీరూ నేనూ ఎల్లి చూద్దాం."

ముగ్గురం గదిలోకి వెళ్లాం. బీరువా తెరిచి అంతా చెప్పాను. పట్టుచీర మీద పడుకుని ఉంది రివాల్వరు. మావగారు దాన్ని ముట్టుకోలేదు. దానికేసి చూశారు, తర్వాత నాకేసి.

"తాళం ఇవ్వకపోడం కరెక్టే. తేవడమే తప్పు," అన్నారు. "సుధా, నువ్వేటంటావు?"

"సంబంధం పోయినా పర్లేదన్నాడు కదా డాడీ," అంది సుధ. సంబంధం పోయినట్టే అనుకున్నాను. "మాట మీద నిలబడేవాడే. అచ్ఛా హై. ముందు చీర తీసియ్యమను."

ఆ క్వార్టరు ఇప్పుడు లేదు, కూల్చేశారు. మావగారూ లేరు. ప్రతి పెళ్లిలోనూ ఆయన ఈ కథ చెప్పేవారు, చెప్పినప్పుడల్లా నా రివాల్వరు ఒక సైజు పెరిగేది. చివరిసారికి అది ఫిరంగి అయింది. నా పరువు మళ్లీ పోయినా ఫరవాలేదు, ఇంకొక్కసారి ఆయన నోట వింటే బావుండునని ఉంటుంది.

ఏమైనా, అగ్నిసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చొక్కా విప్పమనే అవకాశం ఉన్న ఏ ఇంటికీ ఇక దాచాల్సింది ఏదీ పెట్టుకుని వెళ్లను, నా బొజ్జ తప్ప. దానికి లైసెన్సు అక్కర్లేదు, దాచడం నా వల్ల కూడా కావట్లేదు.