తమ్ముడు తాగని టీ

మా తాత రంగప్పనాయుడు మదురై దగ్గర వాడిపట్టి పక్కన ఉన్న మా ఊరికి పెద్ద. మా నాన్న వెంకటసామినాయుడు గుడి ధర్మకర్త. మా ఇంటికి వచ్చినవాళ్ళకు వెండి గ్లాసుల్లోనే మజ్జిగ ఇచ్చేవాళ్ళం. ఆ గ్లాసులు కడగడానికే ఒక మనిషి ఉండేది.

మదురైలో తాగుడు మానినవాళ్ళ సంఘంలో చేరాక నేను మందు మానేశాను. అక్కడ ఏడాది పాటు చుక్క ముట్టనివాళ్ళనే సేవా కమిటీలోకి తీసుకుంటారు. పోయినేడు నాకు అందరికీ టీ ఇచ్చి గ్లాసులు కడిగే పని అప్పగించారు. మా ఇంటి పదవులన్నీ పోయాక నేను సొంతంగా సంపాదించుకున్న పదవి అదొక్కటే.

ఇంకా తాగితే తమ్ముడు బతకడని డాక్టరు చెప్పడంతో, వాడి భార్య బతిమాలి వాణ్ణి ఒక ఆదివారం సమావేశానికి తీసుకొచ్చింది. అప్పుడు నేను కుళాయి దగ్గర గ్లాసులు కడుగుతున్నాను.

"ఏంన్నా, ఊరోళ్ళ ఎంగిలి నువ్వు కడిగేదా?"

"ఇది నాకిచ్చిన మర్యాదరా తంబీ. కూర్చో, టీ ఇస్తా."

"ఇదా మర్యాద? నాయన చూసుంటే ఏమయ్యుండు?" వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిన్ను ఇట్ల చూసేదానికంటే తాగి చచ్చేదే మేలన్నా."

తడిచేతులతో వీధి దాకా వాడి వెనక పరిగెత్తాను. అప్పటికే బస్సెక్కేశాడు. మళ్ళీ రాలేదు. ఆ ఆషాఢంలో, మా ఆడి నెలలో, పోయాడు.

వాడి తాగుడు వాడికి ఏనాడూ అవమానం అనిపించలేదు. నా చేతిలోని ఎంగిలి గ్లాసును మాత్రం ఓర్చుకోలేకపోయాడు. ఆ పని నేను ఇప్పటికీ తల దించకుండా చేస్తున్నాను.

తాత వెండి గ్లాసులు ఇప్పుడు మా ఇంట్లో లేవు. తమ్ముడి ఆసుపత్రి ఖర్చుకు అమ్మేశాం.