పచ్చి అలుకు మీద పాము

మొన్న తాండూరుల మా కోడలు వేపాకు నీళ్లతోని బండలు తుడుస్తుంటే, బషీరాబాద్‌ల మా మట్టిల్లు యాదికొచ్చింది. మన ఈడోళ్లకు ఎరుకే గద, పెండ, ఎర్రమన్ను కలిపి అలికిన పచ్చి నేల వాసన.

యాభైలల్ల ఒకనాడు అమ్మ గట్లనే అలుకుతున్నది. తమ్ముడు ఇంకా అలకని జాగల బొంత మీద నిద్రపోతున్నడు. జొన్నల గుమ్మి ఎనుక నుంచి పాము వచ్చి వాని దిక్కు పోతున్నది.

"బిడ్డా, మెదలకు" అన్నది అమ్మ నాతోని, మెల్లగ.

ముంతెడు అలుకు నీళ్లు పాముకు, తమ్మునికి నడుమ పోసింది. తడి తగలంగనే పాము ఆగి పడగ ఎత్తింది. జరసేపటికి అది మర్లి గడప దాటి పోయింది.

అమ్మ పెండ చేతులతోనే తమ్ముని ఎదకు హత్తుకున్నది. వాడు లేచి ఏడ్వవట్టిండు. ఎప్పుడైనా వెంటనే ఊకుంచే అమ్మ, ఆ పొద్దు వాణ్ని ఏడ్వనిచ్చింది.