పథ్యం మాన్పించిన ఎండాకాలం

మా ఆయనకు కామెర్లు వచ్చింది ఎనభైల మధ్యలో. తగ్గింది కూడా అప్పుడే. ఆ కామెర్లకు పెట్టిన పథ్యం మాత్రం తొంభైలు వచ్చినా మా ఇల్లు విడిచిపెట్టలేదు. పెళ్ళయిన కొత్తలో గోంగూర పచ్చడి వేస్తే మారు అన్నం అడిగి మరీ తిన్న మనిషి, బీరకాయ, పొట్లకాయ, చారు, మజ్జిగ, వీటితోనే ఏళ్ళు గడిపేశారు. అన్నం కూడా బాగా పాలిష్ పట్టిన పాత బియ్యంతోనే వండాలి. మెత్తగా ఉండాలి. కంచంలో ఎక్కడా ఒక్క ఆకు కనపడకూడదు.

ఆ పథ్యం పెట్టింది మా అత్తగారు. ఆవిడది రేపల్లె. కొడుకు కళ్ళు పచ్చబడ్డాయని తెలియగానే పాసింజరు బండెక్కి తెనాలి వచ్చేసి, వచ్చీరాగానే వంటిల్లు తన చేతిలోకి తీసుకున్నారు. ఆవిడ దగ్గర ప్రతి కూర మీదా ఒక నేరం ఉండేది. వంకాయ దురద, చిక్కుడుకాయ వాతం, గోంగూర పైత్యం, కందిపప్పు అరగదు, ఆకుకూర నీరు చేస్తుంది. నేను బాపట్ల పిల్లని. మా పుట్టింట్లో ఆ ఇసుకనేలలో మొలిచినదల్లా వండుకుని తిన్నవాళ్ళం. నాకు ఆ నేరాలన్నీ వింతగా ఉండేవి. అయినా ఆవిడ నిద్రాహారాలు మాని చేసిన సేవ నేను కళ్ళారా చూశాను. మనిషి బతికి బట్టకట్టారు. అందుకే నోరెత్తలేదు. ఆయన లేచి తిరగడం మొదలెట్టాక ఆవిడ రేపల్లె వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎక్కువ కాలం లేరు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ వస్తూ దారిలోనే కుప్పకూలి పోయారు.

పథ్యం మాత్రం ఆవిడతో పోలేదు. పోనీ, అంత జాగ్రత్తగా తినే కడుపు నిమ్మళంగా ఉందా అంటే అదీ లేదు. ఏటికేడూ పాడవుతూ వచ్చింది. కొన్నాళ్ళు బిగుసుకుపోయేది, కొన్నాళ్ళు అదుపు తప్పేది, ఉబ్బరం ఎప్పుడూ ఉండేది. కడుపు తేడా చేసినప్పుడల్లా ఆయనకు తోచే వైద్యం ఒకటే, తినే వాటిలోంచి ఇంకొకటి తగ్గించడం. పొట్లకాయ అలాగే పోయింది. ఆయన లెక్కలు చెప్పే హైస్కూలు మా ఇంటికి నడకదూరంలో ఉంది కాబట్టి ఉద్యోగం సాగిపోయింది. పెళ్ళిళ్ళు మానేశారు. చుట్టాలిళ్ళు మానేశారు. ఎప్పుడైనా తప్పనిసరై బస్సెక్కితే దిగేదాకా ముఖంలో నెత్తురుచుక్క ఉండేది కాదు.

తొంభైల మొదట్లో ఒక క్రిస్మస్ సెలవుల్లో కబురు తెలిసింది. వచ్చే జూన్‌లో ఆయనకు హెడ్మాస్టరుగా ప్రమోషన్ ఖాయమట. కాకుమాను దగ్గర ఒక ఊళ్ళో వేస్తారట. ఆ ఉద్యోగం ఆయన ఎంతగా కోరుకున్నారో నాకు తెలుసు. తన చేతికి ఒక స్కూలు వస్తే ఎలా నడపాలో, పొద్దున ప్రార్థన దగ్గర్నుంచి సాయంత్రం లైబ్రరీ తలుపులు ఎంతసేపు తీసి ఉంచాలో, పక్క మీద పడుకుని పైకప్పు చూస్తూ ఎన్నేళ్ళుగా చెబుతున్నారో. అలాంటి మనిషి ఆ కబురు విని మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "వద్దని రాసిచ్చేస్తాను," అన్నారు.

"ఎందుకని?"

"రోజూ పొన్నూరు మీదుగా అంత దూరం బస్సులో, ఈ కడుపుతోనా?"

"కడుపు మారుతుంది. ప్రమోషన్ మళ్ళీ రాదు."

"మారకపోతే?"

"మారుస్తాను," అన్నాను.

ఎలా మారుస్తానో నాకే తెలియదు. కానీ నాకు కోపం వచ్చినప్పుడు అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు లేదు. మర్నాడే ఆయన్ని బండెక్కించి బాపట్ల తీసుకెళ్ళాను. మా పుట్టింటివాళ్ళు చూపించుకునే డాక్టరుగారు నెమ్మదైన మనిషి. పరీక్షలన్నీ చేయించి, లివరు బాగుంది, కామెర్ల జాడే లేదు అన్నారు. ఏం తింటున్నారు సార్ అని అడిగితే ఈయన ఒక్క గుక్కలో చెప్పేశారు. డాక్టరుగారు ఇంకా ఏదో చెబుతారని చూసి, లేదని తెలిశాక నా వైపు తిరిగారు.

"పేగుల్లో మనకి మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయమ్మా. వాటిలో ఒక్కోదానికి ఒక్కో తిండి కావాలి. ఆకులు, పప్పులు, గింజలు, దుంపలు, పళ్ళు, పీచున్నవన్నీ. ఈయన వాటిని ఏళ్ళ తరబడి పస్తు పెట్టారు."

"మరి ఇప్పుడు ఏం చెయ్యమంటారండి?"

"అన్నీ తినాలమ్మా. అయితే నెమ్మదిగా."

ఆ చివరి మాటను మేమెవరం లెక్కచెయ్యలేదు. ఇంటికి రాగానే తోటకూర పప్పు వండి కంచంలో వేశాను. ఆయన దాన్ని చూపుడువేలితో కంచం అంచుకు జరిపి చారన్నం కలుపుకున్నారు.

"అంత చదువుకున్న డాక్టరు చెప్పినా నమ్మకం కుదరలేదా మీకు?" అన్నాను.

ఆయన మెతుకులు కలుపుతూ, "అమ్మ వెళ్ళేటప్పుడు ఒక మాటంది. నేను చెప్పేదాకా పత్యం మానొద్దురా అంది. చెప్పకుండానే పోయింది," అన్నారు.

మా వైపు ఇళ్ళలో పథ్యం పెట్టిన పెద్దవాళ్ళే దాన్ని విడిపించడం ఆనవాయితీ. వాళ్ళు తమ చేత్తో మొదటి ముద్ద పెడితే ఇక అన్నీ తినొచ్చని లెక్క. పెట్టినావిడే లేకపోతే విడిపించేదెవరు? ఊరందరి పిల్లలకూ లెక్కలు చెప్పిన మనిషికి ఈ ఒక్క లెక్క తెగలేదు.

తెగ్గొట్టాలని నేనే బయల్దేరాను. రేపల్లెలో మా అత్తగారి చెల్లెలు ఉన్నారు. తల్లి తర్వాత పిన్నే కదా. ముందుగా కబురు పంపి, ఆ వచ్చే ఆదివారం ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. పిన్నిగారు సంగతంతా విని ఆయన చెవి పట్టుకున్నారు.

"ఏంట్రా అబ్బాయ్, మా అక్క నిన్ను బతికించుకోడానికి పెట్టిందిరా ఆ పత్యం, బతికినన్నాళ్ళూ తినమని కాదు. ఇవాళ్టితో అయిపోయింది. కూర్చో."

కూర్చోబెట్టి చుక్కకూర పప్పన్నం తన చేత్తో మొదటి ముద్ద పెట్టారు. ఆయన కళ్ళు మూసుకుని మింగారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ముద్దతో సరిపెట్టడం మా వాళ్ళకు చేతనవుతుందా? ఏళ్ళ తరబడి తినని పిల్లాడు తింటున్నాడన్న సంబరంలో పిన్నిగారి గరిట ఆగలేదు. కంద బచ్చలి, గోరుచిక్కుడు వేపుడు, గుమ్మడికాయ పులుసు, ఉలవచారు, అలసంద గారెలు. సంగతి తెలిసి పక్కింటావిడ అరటిపువ్వు కూర గిన్నెతో వచ్చింది. ఇది కూడా రుచి చూడు నాయనా అంటే ఈయన కాదనలేదు. నవ్వుతూ తిన్నారు. ఆ నవ్వు చూసి నాకు కడుపు నిండిపోయింది.

తిరుగు బండిలోనే మొదలైంది. ఆ వారమంతా ఆయన మంచానికీ పెరటికీ మధ్యే తిరిగారు. కళ్ళు లోపలికి పోయాయి. లేచి కూర్చునే ఓపిక రాగానే ఆయన అన్న మొదటి మాట, "చూశావుగా. అమ్మకి తెలుసు."

రెండో మాట, "ఒక తెల్ల కాగితం ఇలా ఇవ్వు. రాసిచ్చేస్తాను."

"కాగితాలు లేవు," అన్నాను.

ఇద్దరం టీచర్లం. మా ఇంట్లో కాగితాలు లేవంటే ఎవరైనా నమ్ముతారా? ఆయన నా ముఖం చూసి, గోడవైపు తిరిగి పడుకున్నారు. మళ్ళీ అడగలేదు.

డాక్టరుగారి చివరి మాట నాకు అప్పుడు చెవిలో మోగింది. నెమ్మదిగా. నేను ఒకటో తరగతి చెప్పేదాన్ని. అచ్చులు రాని పిల్లలతో గుణింతాలు దిద్దించను. ఆయన పేగులకూ అదే పద్ధతి పెట్టాను. ఆయన తినే బీరకాయ కూరలోనే ఒక చెంచా తోటకూర. కడుపు దాన్ని ఒప్పుకునేదాకా అంతే, ఇంకేదీ లేదు. ఒప్పుకున్నాక రెండు చెంచాలు. ఆ తర్వాత చారులో పలచగా పెసరకట్టు. తేడా చేస్తే సగానికి తగ్గించడమేగానీ మానడం లేదని ముందే చెప్పేశాను. ఆయన ఒప్పుకున్నది నమ్మకంతో కాదు. నాతో పోట్లాడే ఓపిక లేక.

ఆ రోజుల్లోనే మా చర్చిలో కోత పండుగ వచ్చింది. పొలాలున్నవాళ్ళు వడ్లూ, పెరళ్ళున్నవాళ్ళు కాయలూ పళ్ళూ తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక పాస్టరయ్యగారు వాటిని వేలం వేస్తారు. పోటీ అంతా అరటిగెల మీద, గుమ్మడికాయ మీద, కోడిపుంజు మీద. చివర్లో మిగిలిపోయే చిన్నాచితకా సరుకును ఎవరూ పాడరు. మునగాకు, పొన్నగంటికూర కట్టలు, ఎవరో పిట్టలవానిపాలెం నుంచి తెచ్చిన అలసందలు, చేమదుంపలు, చిలగడదుంపలు. ఆ ఏడు అవన్నీ నేను పాడాను.

"గేదెలకాండి, టీచరమ్మగారూ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"లేదండి, మా ఆయనకి," అన్నాను.

చర్చి అంతా నవ్వింది. ఆయన తలొంచుకున్నారు గానీ భుజాలు కదలడం నేను చూశాను. కామెర్ల తర్వాత తన తిండి మీద ఎవరైనా హాస్యమాడితే ఆయన నవ్వడం అదే మొదలు.

చెంచా చెంచాగా వేసవిలోకి వచ్చాం. మునగాకు కారప్పొడిలో కలిసింది. అలసందలు నానబెట్టి, మెత్తగా ఉడికించి, మెదిపి పెట్టాను. చేమదుంపలు మొదట సగం ముక్కతో మొదలయ్యాయి. మా అమ్మ బాపట్ల నుంచి దంపుడు బియ్యం పంపిస్తే రోజూ గుప్పెడు ఆయన తెల్ల బియ్యంలో కలిపేదాన్ని.

"అన్నం రంగు మారిందేంటి?" అన్నారొకరోజు.

"మీ కళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయేమో," అన్నాను.

అన్నీ సాఫీగా జరిగాయని చెబితే అబద్ధం. గోరుచిక్కుడు ఒకసారి దెబ్బకొట్టింది. ఉలవచారు ఎన్నిసార్లు పెట్టినా లొంగలేదు, చివరికి దాన్ని వదిలేశాం. ఒక మధ్యాహ్నం ఉబ్బరంతో అటూఇటూ పచార్లు చేస్తూ, "నా కడుపేమన్నా నీ పలకనుకున్నావా, ఇష్టమొచ్చినట్టు దిద్దడానికి?" అని కేకలేశారు. "పలకైతే ఎప్పుడో తుడిచి పారేద్దును," అని నేనూ కేకేశాను. రాత్రికి మాత్రం కూరలో సగం చెంచా తోటకూర వేశాను. ఆయన తిన్నారు.

ఏప్రిల్ దాటాక మార్పు తెలిసింది. పొద్దున్నే పెరట్లోంచి వచ్చే మనిషి ముఖం తేటగా ఉండేది. మధ్యాహ్నం పూట పొట్ట పట్టుకుని కూర్చోవడం తగ్గింది. బజారుకు తనే వెళ్ళి, నాకు చెప్పకుండా, ఏదో ఒక కొత్త ఆకుకూర కట్ట తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేవారు. స్కూళ్ళు తెరిచే ముందు ఒకరోజు ఎటో వెళ్ళి సాయంత్రానికి వచ్చారు. సంచిలో నేరేడుపళ్ళు ఉన్నాయి. ఎక్కడికెళ్ళారంటే, "కాకుమాను బస్సెక్కి దారి చూసొచ్చాను," అన్నారు. ఆ పళ్ళు కడిగి, గిన్నెలో పోసి ఆయన ముందు పెట్టాను.

జూన్‌లో ఆయన ఆ స్కూల్లో చేరారు. మొదటిరోజు సాయంత్రం దుమ్ముకొట్టుకుపోయి వచ్చి, స్నానం చేసి కంచం ముందు కూర్చున్నారు. దంపుడన్నం, పొన్నగంటికూర పప్పు, అలసందల కూర, చేమదుంపల పులుసు. లైబ్రరీ గదికి తాళం వేసి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదట. తాళంచెవి కూడా లేదట. పగలగొట్టించి తెరిపించారట. పుస్తకాలకు చెద పట్టిందట, అయినా సగం పనికొస్తాయట. ఆ కబుర్లు చెబుతూ చెబుతూ అన్నీ తిన్నారు. ఏది ఏమిటని అడగలేదు. దేన్నీ అంచుకు జరపలేదు.

కంచం దాదాపు ఖాళీ అయ్యాక చెయ్యి ఆగింది.

"అమ్మ పోయింది," అన్నారు.

నాకు అర్థం కాలేదు. "ఆవిడ పోయి ఏళ్ళయిందండి."

"లేదు. ఆ పత్యం తిన్నన్నాళ్ళూ అమ్మే వండి పెడుతున్నట్టుండేది. ఇవాళ అన్నీ తినేశాను. ఇంక లేదు."

సమాధి దగ్గర కూడా ఆయన కంట తడి చూడలేదు నేను. ఆ సాయంత్రం ఎంగిలి చేత్తో కంచం ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఇన్నాళ్ళూ ఒక మొండిపట్టుతో పోట్లాడుతున్నాననుకున్నాను. ఆయన దగ్గర్నుంచి నేను ఎవరిని లాక్కున్నానో అప్పుడు తెలిసి నాకూ ఏడుపు ఆగలేదు. అయినా చేసింది తప్పని మాత్రం అనిపించలేదు. ఓదార్చలేదు. పక్కనే కూర్చున్నాను.

చాలాసేపటికి ఆయన ఎడమచేత్తో ముఖం తుడుచుకున్నారు. కంచం నా వైపు జరిపి, "కొంచెం అన్నం పెట్టు," అన్నారు. "ఆకలిగా ఉంది."