శనివారం ఉపవాసం, ఖనిలో థాయ్ సూప్

నలుగురు అక్కచెల్లెళ్లలో నేను పెద్దదాన్ని. అందరికంటే చిన్నది స్వరూప గోదావరిఖనిలో బొగ్గుగనుల కంపెనీ క్వార్టర్‌లో ఉంటుంది. టైఫాయిడ్ తగ్గినా దానికి తిండి సయించడం లేదు. ఇట్లాగే ఉంటే మళ్లీ దవాఖానలో చేర్చాల్సి వస్తుందని డాక్టరు చెప్పారట. ఏం తినాలని ఉందని ఫోన్‌లో అడిగితే "బ్యాంకాక్‌ల తాగిన కొబ్బరిపాల సూపక్కా" అంది. పోయినేడు అదీ, దాని భర్త, అంటే మా మరిదీ, దోస్తుల కుటుంబాలతో కలిసి అక్కడికి వెళ్లొచ్చారు. నేను ఎన్నడూ రుచి చూడని వంట. రెండు వీడియోలు చూసి, దేవుడి మీద భారం వేసి బయలుదేరాను.

మా పెద్దపల్లిలో ఉదయం ఎనిమిదింటికి పల్లెవెలుగు బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్. రామగుండం మీదుగా ఖని చౌరస్తాకు సుమారు గంట. నిమ్మగడ్డి మా పెరట్లోదే, టీలో వేసుకునేది. కొబ్బరికాయలు, పుట్టగొడుగులు మార్కెట్లో రెండు వందల లోపే వచ్చాయి. థాయ్ అల్లం మాత్రం ఎవరికీ తెలియదు. అది మన దుంపరాష్ట్రమేనని చదివాను కనుక వనమూలికల దుకాణానికి వెళ్లాను. అక్కడి పెద్దాయన అడిగాడు:

"దగ్గుకా అక్కా?"

"సూపుకు."

"దీంతోని సూపేంది? కషాయం కాస్తరు. ఒక్కపారి తాగినోళ్లు మళ్ల నా దుకాణం మొకం చూడరు!"

నవ్వుతూనే ఎండు ముక్కలు పొట్లం కట్టిచ్చాడు.

క్వార్టర్‌కు చేరేసరికి మరిది ఫస్ట్ షిఫ్టులో ఉన్నాడు. స్వరూప గోడవైపు తిరిగి పడుకుంది. నేను కొబ్బరి రుబ్బి పాలు తీసి, పలుచటి పాలలో నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, నిమ్మాకులు మరిగించాను. పుట్టగొడుగులు ఉడికాక చిక్కటి పాలు పోసి దించాను. వాళ్లు వేసే చేపల సాస్‌కు బదులు ఉప్పే. అలవాటు కొద్దీ పోపు గరిట పొయ్యెక్కించాను. ఆవాలు చిటపటలాడాయి.

"అక్కా! పోపు పెడుతున్నవా ఏంది?" గోడ పట్టుకుంటూ స్వరూప వంటింటి గడప దాకా వచ్చేసింది. "అండ్ల పోపుండదు. చారు జేస్తున్నవా?"

"నేను తిన్ననా, చూసిననా? నాకెట్ల తెలుస్తది?"

"ఉప్పన్న జూసినవా?"

"ఇయ్యాల శనివారం. పొద్దుగూకేదాక నోట్లె ఏం పెట్టను. నువ్వే జూడు."

గరిటెడు తాగింది. "పులుపు సాలదు." నిమ్మకాయ పిండాను. మళ్లీ తాగింది. "కారమేది?" పచ్చిమిర్చి చిదిమి వేశాను. గిన్నె తీసుకుని పీట మీద కూర్చుంది. "రుచి దగ్గరికొచ్చింది గనీ, ఇంకింత పొయ్యక్కా, సరిగ్గ చెప్త."

ఇంకో రెండు గరిటెలు పోశాను. ఆ పోపు మరిదికి వండిన పప్పులోకి పోయింది.

మూడున్నరకు మరిది డ్యూటీ దిగి వచ్చాడు. చెప్పులు విడవకముందే, "తిన్నదా వదినా?" అన్నాడు.

"తినలే," అంది స్వరూప, గిన్నె అడుగు గీకుతూ. "ఉప్పు జూసిన."

పెద్దపల్లి తిరిగొచ్చి, పొద్దుగూకాక ఇంట్లో దీపం పెట్టి, డబ్బాలో తెచ్చుకున్న సూపు నేనూ తాగాను. చల్లారినా బాగుంది. ఇన్నేళ్లూ ఉపవాసం నా కోసమే అనుకున్నాను; ఈసారి అది స్వరూప చేత తినిపించింది. జబ్బుపడి లేచినవాళ్లకు వండిపెట్టడానికి మీరూ వెళ్తుంటే ఒక్క మాట: ఉప్పు, పులుపు కాస్త తక్కువ వేసి దించండి. చాలదని చెప్పే పని వాళ్లకు వదిలేయండి.