పిన్ని ఏడ్చిన పాట

ఇన్నేళ్ళుగా ఒక దొంగతనాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నా మొదటి ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌లో ఒక పాటలో మాటల్లేవు, ఒక ఆడగొంతు మాత్రమే ఉంటుంది. విన్నవాళ్ళంతా ఇంత కొత్తగా ఎవరూ చేయలేదన్నారు, గుండె పిండేసిందన్నారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఏం కొత్త? ఎవరి గుండె? యంత్రంలోంచి ఇంత బాధ ఎలా తీశారండీ అని ఒకాయన అడిగితే, సిగ్గు లేకుండా నవ్వి, చాలా కష్టపడ్డానండీ అన్నాను. ఈ గొంతు ఎవరిదని ఒక్కరంటే ఒక్కరైనా నిలదీశారా? నిలదీస్తే మాత్రం చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణి కాదు. మరి వాళ్ళ మీద ఎగరడం దేనికి?

పామర్రులో బాబాయి పోయినప్పుడు నేను ఆలస్యంగా వెళ్ళాను. మా వైపు చావింటికి చుట్టం ఎవరొచ్చినా, పోయినాయన భార్య వాళ్ళను పట్టుకుని రాగం తీసి మళ్ళీ మొదటి నుంచి ఏడుస్తుంది. ఎవరికి తగ్గ మాటలు వాళ్ళకి. ఆ సంగతి నాకు తెలుసు. తెలుసు కాబట్టే, వీధిలో చెప్పులు విడుస్తూ చొక్కా జేబులోని రికార్డర్ ఆన్ చేశాను. నన్ను ఎత్తుకుని పెంచిన పిన్ని నా మెడ పట్టుకుని, “నువ్వొస్తావని గుమ్మం వైపే చూశాడు నాన్నా” అని ఏడుస్తుంటే, జేబులో రికార్డర్ ఒత్తుకుని చప్పుడొస్తుందేమోనని నేను ఆమెను దగ్గరికి తీసుకోలేదు. ఏం మనిషిని నేను?

తర్వాత పటమటలో నా గదిలో కూర్చుని ఆ మాటలన్నీ తీసేశాను. గొంతును సాగదీసి, ఎవరూ గుర్తుపట్టకుండా శ్రుతి దించాను. ఏడుపు ఉంచుకుని దాని కింద బీట్ వేశాను. ఆల్బమ్ మీద నా పేరొక్కటే.

ఒకసారి పిన్నిని ఊళ్ళో దింపడానికి కారులో తీసుకెళ్తున్నాను. కంకిపాడు దాటాక ఆ పాట దానంతటదే మొదలైంది. ఆపబోతే పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

“ఉండనీరా. ఎవరీవిడ? ఎవరు పోయారో పాపం.”

“ఎవరూ కాదు పిన్నీ. కంప్యూటర్‌లో చేసింది.”

“అవునా? దినాలయ్యాక నాకు ఏడుపే రాలేదురా. రాయిలా అయిపోయాననుకున్నా. మళ్ళీ ఇవాళే. నా ఫోన్లో కూడా ఎక్కించి పెట్టవా?”

ఎక్కించి పెట్టాను.

ఇప్పటికీ మధ్యాహ్నం పనయ్యాక పెట్టుకుంటుందట. నిజం తెలిస్తే అది కూడా వినలేకపోతుందేమో, ఆమె కోసమే దాస్తున్నానని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఎంత చక్కని సాకు. నేను దాచింది నా పేరు పోతుందని. అంతకు మించి ఏమీ లేదు. ఆమెకు చెప్పాల్సినది మీకు చెప్పడం కూడా పిరికితనమే, దానికి మీరు నన్ను క్షమించకండి.

ఆ పాటలో ఏడుస్తున్నది మా పిన్ని. నన్ను పట్టుకునే ఏడుస్తోంది. ఇంతవరకూ ఈ మాట ఎక్కడా అనలేదు. ఇప్పుడన్నాను.